రెండు ఇంజన్ల సౌభాగ్యం

ఒకే పనిని ఒకేలా చేసే వస్తువులు రెండు ఉండడాన్ని మించిన భాగ్యం ఈ లోకంలో లేదు! కాదనేవాళ్ళు ముందు మా ఆఫీసుకు వచ్చి ఒక్క పూట కూర్చుని, ఆ తర్వాత మాట్లాడాలని మనవి.

ఒకటే ఉందనుకోండి. ఏమవుతుంది? పనవుతుంది. పనైపోయాక ఏం చేస్తాం? ఇంటికి పోతాం. ఇంతేనా మనిషి పుట్టుక? అభిప్రాయం వద్దా? పట్టుదల వద్దా? పక్క సీటువాడిని చూసి "వీడికి ఇంత చిన్న విషయం ఎందుకు తలకెక్కదు?" అని జాలిపడే సుఖం వద్దా?

నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు చెప్పాలి. నేనొక సాఫ్ట్‌వేర్ కంపెనీలో బిల్డ్ చూసుకుంటాను. ప్రోగ్రాములు రాసేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు రాసిన ముక్కలన్నిటినీ ఒకచోట చేర్చి, బిగించి, పనిచేసే సరుకుగా బయటికి పంపే ఏర్పాటు పేరు బిల్డ్. పంపేటప్పుడు ప్రోగ్రామును ఉత్తినే పంపరు. దానికి కావలసిన సామానంతా కలిపి ఒక పెట్టెలో సర్ది పంపుతారు. ఆ పెట్టెను కంటైనర్ అంటారు. ఇక్కడ సర్దేదీ, అక్కడ విప్పి నడిపించేదీ కంటైనర్ ఇంజన్. అంతే. ఇంతకు మించి మా మేనేజర్‌కు కూడా తెలియదు కనుక మీరు మొహమాటపడనక్కర్లేదు.

ఆరేళ్ళ పాటు మాకు ఒక్క ఇంజనే ఉండేది. సర్దమంటే సర్దేది, విప్పమంటే విప్పేది. దాని పేరేమిటో కూడా ఆఫీసులో సగం మందికి తెలియదు. అందరం తల వంచుకుని పని చేసుకునేవాళ్ళం. తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది!

ఆ అజ్ఞానం నుంచి మమ్మల్ని బయటపడేసిన మహానుభావుడిని మేం సదస్సుగారు అంటాం. ఏటా ఏదో ఒక సదస్సుకు వెళ్ళి, వస్తూ వస్తూ ఏదో ఒకటి పట్టుకొస్తాడు. ఒక ఏడాది చొక్కా తెచ్చాడు. ఒక ఏడాది నీళ్ళ సీసా. మొన్నటి ఏడాది ఇంజన్ తెచ్చాడు.

కొత్త ఇంజన్ గొప్పతనం ఏమిటని అడిగాం. పాత ఇంజన్‌లో ఒక కాపలాదారు ఉంటాడట. పని ఉన్నా లేకపోయినా వాడు లోపల మేలుకునే కూర్చుంటాడట. కొత్తదానిలో అలాంటి వాడు లేడు. పిలిస్తే వచ్చి, పని చేసి, వెళ్ళిపోతుంది. ఏ పనీ లేకుండా రోజంతా మేలుకుని కూర్చునేవాడి వల్ల ఎప్పటికైనా ముప్పే అని సదస్సుగారు మీటింగులో గట్టిగా చెప్పాడు. అప్పుడు అందరూ ఎందుకో మేనేజర్ వైపు చూశారు.

దీన్ని తాతగారు ఒప్పుకోలేదు. తాతగారంటే నలభై ఆరేళ్ళవాడే. మా ఆఫీసులో అంతకంటే పెద్దవాళ్ళు లేరు కాబట్టి ఆ పదవి దక్కింది. పాత ఇంజన్ ఆరేళ్ళలో తనను ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదనీ, తోటి ఉద్యోగుల గురించి ఆ మాట చెప్పలేననీ ఆయన అన్నాడు. మరుసటి వారానికి కిటికీ వైపు కూర్చునేవాళ్ళు పాత ఇంజన్ పక్షం, తలుపు వైపు కూర్చునేవాళ్ళు కొత్త ఇంజన్ పక్షం అయ్యారు. మధ్యలో కూర్చునేవాళ్ళు కుర్చీలు మార్చుకున్నారు.

మా మేనేజర్‌ను సమన్వయంగారు అంటాం. ఇల్లు తగలబడుతున్నా నీళ్ళ పక్షాన్నీ నిప్పు పక్షాన్నీ కూర్చోబెట్టి మాట్లాడించే మనిషి. ఆయన ఇచ్చిన తీర్పు ఇది: రెండు ఇంజన్లూ పనిచేయాలి, ఎవరికి కావలసింది వాళ్ళు ఎంచుకోవాలి, ఎవరూ నొచ్చుకోకూడదు. అందుకు తగ్గట్టు బిల్డ్‌ను అమర్చే బాధ్యత నా నెత్తిన పెట్టారు.

బిల్డ్ ఎలా నడవాలో చెప్పే ఫైలు ఒకటి ఉంటుంది. అంతకుముందు అందులో ఇంజన్ ఊసే లేదు. నేను ఒక్క వరుస చేర్చాను. పాతది కావాలంటే ఒకటి, కొత్తది కావాలంటే రెండు. సాయంత్రానికి తాతగారు వచ్చి, ఒకటి వేయడం మర్చిపోయినవాడి గతి ఏమిటన్నాడు. నిజమే కదా! ఆటో అని మూడోది పెట్టాను. ఆటో అంటే ఏ ఇంజన్ ఉంటే దానితో కానిచ్చెయ్యమని. రెండూ ఉంటే? పాతది తీసుకో అంటే తలుపు వైపు వాళ్ళు ఊరుకోరు. కొత్తది తీసుకో అంటే కిటికీ వైపు వాళ్ళు ఊరుకోరు. ఎవరి మనసూ నొప్పించకుండా నాలుగోది రాశాను, ఐదోది రాశాను. మనిషికొక సొంత ఫైలు, దాన్ని కాదనడానికి మెషీన్‌కొక ఫైలు, దాన్నీ కాదనడానికి అప్పటికప్పుడు టైపు చేసే మాట. ఒక్క వరుస కాస్తా మూడు వందల నలభై వరుసలైంది.

ఎవరి మాట ఎవరి మాటను కొట్టేస్తుందో చూపిస్తూ ఒక పటం గీసి గోడకు అంటించాను. అగ్నిమాపక తనిఖీకి వచ్చినాయన దాన్ని అత్యవసర ద్వారాల పటం అనుకుని, ఇంత వివరమైనది తన సర్వీసులో చూడలేదని మెచ్చుకుని సంతకం పెట్టి వెళ్ళాడు!

ఇక దీనివల్ల కలిగిన మేళ్ళు చెప్పమంటారా?

రెండేళ్ళుగా నోరు మెదపని ఒకమ్మాయి సోమవారం మీటింగులో నలభై నిమిషాలు మాట్లాడింది. ఒకే బల్ల దగ్గర మౌనంగా తినే భార్యాభర్తలు ఒక జంట ఉన్నారు మాలో. ఆయనది పాత ఇంజన్, ఆవిడది కొత్తది. వాళ్ళు మాట్లాడుకోవడానికి ఇన్నాళ్ళకు ఒక విషయం దొరికింది. సాకుల సంగతి చెప్పనే అక్కర్లేదు. పూర్వం ఏదైనా చెడిపోతే "ఎందుకు చెడింది?" అని అడిగేవారు. వెతకాల్సి వచ్చేది. ఇప్పుడు "ఏ ఇంజన్‌తో చేశావు?" అని అడుగుతారు. ఏది చెప్పినా, "అదీ సంగతి!" అని తల ఊపుతారు. దాంతో ఆ సమస్య తీరినట్టే.

మొన్న మూడో అంతస్తులో లిఫ్టు ఆగిపోతే లోపలి నుంచి ఎవరో "ఏ ఇంజన్?" అని అడిగారు. బయట ఉన్నవాళ్ళం నవ్వలేదు. మా నాగరికత అంత ముందుకు పోయింది.

ఇన్ని సుఖాల మధ్య ఒక చిన్న లోటు. అది లోటని మా అత్తగారంటారు. నేను అనలేదు, అప్పట్లో.

మా కంపెనీ చేసే సరుకుల్లో కంటి ఆస్పత్రి టోకెన్ తెర ఒకటుంది. రోగులు కౌంటరులో నంబరు తీసుకుని కూర్చుంటారు. తెర మీద వాళ్ళ నంబరు రాగానే లోపలికి వెళతారు. ఏ నంబరు తెర మీద ఉంటే వాళ్ళ ఫైలే డాక్టరుగారి కంప్యూటరులో తెరుచుకుంటుంది. ఎవరూ ఎవరినీ తోసుకుని పోకుండా మేమే చేసిన కట్టుదిట్టం అది. చాలా గర్వంగా ఉండేది.

ఆస్పత్రివాళ్ళు బుధవారాలు పెద్ద డాక్టరుగారికి ఎక్కువ మందిని చూపించాలని నూట ఇరవై టోకెన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. మేమేమో తెరకు రెండు అంకెల చోటే ఇచ్చాం. తొంభై తొమ్మిది తర్వాత అది మళ్ళీ ఒకటికి వెళ్ళిపోయింది. పొద్దున చూపించుకుని, మందుల కోసం అక్కడే తిరుగుతున్న ఒకటో నంబరాయన్ని నర్సు చెయ్యి పట్టుకుని మళ్ళీ లోపలికి తీసుకెళ్ళింది. పొద్దుటి కంటే మధ్యాహ్నానికి ఆయన చూపు కొంచెం మెరుగైందని తేలిందట. నూరు దాటినవాళ్ళు మాత్రం సాయంత్రం దాకా కూర్చుని, డాక్టరుగారి కారు వెళ్ళిపోవడం కిటికీలోంచి చూసి ఇళ్ళకు పోయారు.

అలా పోయినవాళ్ళలో నూట నాలుగు మా అత్తగారు.

ఆవిడ ముప్పై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నారు. మా ఇంట్లో వసారా పక్క గది ఆవిడది, ఆవిడ మిషన్‌ది. రెండు నెలలుగా ఎడమ కంట్లో ఏదో తేడా. సూదికి రెండు బెజ్జాలు కనిపిస్తున్నాయట. ఒకదానిలో దారం పెడితే అది బెజ్జం కాదు, గాలి. నా సిద్ధాంతానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఒక సూదికి రెండు బెజ్జాలు! "అదృష్టవంతులు అత్తయ్యా" అన్నాను. మా ఆవిడ నన్ను చూసిన చూపుకు మాత్రం రెండో అర్థం లేదు.

మొదట చూసిన చిన్న డాక్టరు, అద్దాలతో పోతుందో ఆపరేషన్ కావాలో పెద్ద డాక్టరుగారే తేల్చాలనీ, అంతవరకు మిషన్ ముట్టుకోవద్దనీ చెప్పింది. పెద్ద డాక్టరుగారు కూర్చునేది బుధవారాలే. మా పేట నుంచి మొదటి బస్సు పట్టుకుని వెళ్ళినా నూరు లోపు టోకెన్ దొరకదు. నాకు పెళ్ళైన పదకొండేళ్ళలో ఆ మిషన్ మీద గుడ్డ కప్పి ఉండగా చూడలేదు. ఇప్పుడు కప్పారు. పక్కనే స్టూలు మీద ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. నాకు ఆ గది ముందునుంచి నడవడం ఇష్టముండేది కాదు.

మా వాళ్ళు చేతకానివాళ్ళని మాత్రం అనుకోకండి! ఫిర్యాదు వచ్చిన మర్నాడే, గురువారం పొద్దున, తప్పు ఎక్కడుందో మా భూతద్దం పట్టేసింది. భూతద్దమంటే మా పరీక్షల విభాగం చూసే ఆవిడ. ప్రోగ్రాం రాసినతను పావుగంటలో సరిచేసి ఇచ్చాడు. ఇక బిల్డ్ అయి, పెట్టెలోకెక్కి, ఆస్పత్రికి చేరడమే తరువాయి.

బిల్డ్ మొదలుపెట్టాం. ఏ బిల్డ్ ఎంతవరకు వచ్చిందో చూపే బోర్డు మీద "నడుస్తోంది" అని పడింది. శుక్రవారం కూడా నడుస్తోంది. సోమవారం కూడా నడుస్తోంది. కొత్త ఇంజన్ బరువెక్కువ కనుక ఆలస్యమని కిటికీ వైపు వాళ్ళు చెప్పారు. పాత ఇంజన్ ముసలిది కనుక ఆలస్యమని తలుపు వైపు వాళ్ళు చెప్పారు. ఇద్దరూ నిండు సంతోషంతో ఉన్నారు. పని నడుస్తోందని సమన్వయంగారు ఆస్పత్రికి రాశారు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

రెండో బుధవారం అత్తగారికి నూట పన్నెండు వచ్చింది. మూడో బుధవారం నూట ఏడు. రెండుసార్లూ నర్సుకు నమస్కారం పెట్టి తిరిగొచ్చారు. ఆవిడ కోపగించుకోలేదు. మనిషికి ఓర్పు నేర్పే ఇంత గొప్ప సాఫ్ట్‌వేర్ ఇంకెక్కడైనా ఉందా అని నేనొక వ్యాసం రాద్దామనుకున్నాను కూడా.

నాలుగో బుధవారానికి రెండు రోజుల ముందు, సాయంత్రం నేను కాఫీ తాగుతుంటే ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఆ తెర మా కంపెనీదేనని మా ఆవిడ చెప్పేసిందట. ఎందుకు ఆగిందో చెప్పమన్నారు. నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. పెట్టె, సర్దడం, విప్పడం, మేలుకుని కూర్చునే కాపలాదారు, కిటికీ వైపు, తలుపు వైపు, ఐదు రకాల అమరికలు. గోడ మీది పటం కాయితం మీద గీసి చూపించాను. ఎడమ కన్ను మూసుకుని శ్రద్ధగా చూశారు.

"ఏ ఇంజన్ పెడితే నా నంబరు పిలుస్తారు బాబూ?" అని అడిగారు.

"ఏది పెట్టినా పిలుస్తారు అత్తయ్యా."

"తేడా ఏమైనా ఉంటుందా? పాతది పెడితే తొందరగా పిలవడం, అలాంటిది?"

"ఉండదు. రెండిట్లో ఏదైనా అదే తెర, అదే నంబరు."

ఆవిడ ఆ కాయితం మడిచి నా ముందు పెట్టారు. "అయితే ఏది పెట్టాలో తేలక ఆగారన్నమాట" అన్నారు. వెటకారం లేదు. అర్థమైందో లేదో సరిచూసుకుంటున్నారు, అంతే. సరిగ్గానే అర్థమైందని నేను తల ఊపాను. కాఫీ కప్పు తీసుకుని లోపలికెళ్ళిపోయారు.

వాదనలో నన్ను ఓడించినవాళ్ళు లేరు. ఆరోజు నాతో ఎవరూ వాదించలేదు. అందుకే కాబోలు, రాత్రి అన్నం సయించలేదు.

మంగళవారం పొద్దునే వెళ్ళి, బయటికి పంపే బిల్డ్‌లు చేసే మెషీన్ ఉన్న చిన్న గది తాళం తీయించాను. ఆ మెషీన్‌కు స్క్రీన్ ఉండదు, కీబోర్డు ఉండదు. మనిషితో పని లేకుండా తనంతట తాను చేసుకుపోవడానికే దాన్ని అక్కడ పెట్టాం. నా బల్ల మీది స్క్రీన్ మోసుకెళ్ళి తగిలించాను. నల్లటి తెర మీద ఒకే ఒక వాక్యం ఉంది.

"రెండు ఇంజన్లూ సిద్ధంగా ఉన్నాయి. దయచేసి ఏది వాడాలో చెప్పండి: 1 లేదా 2."

పక్కన గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది. మనిషి అడుగుపెట్టని గదిలో, కీబోర్డు లేని మెషీన్, పంతొమ్మిది రోజులుగా ఎంతో మర్యాదగా అడుగుతూ కూర్చుంది.

ఆ ప్రశ్న రాసిందెవరో మీరు అడగలేదు. అయినా చెబుతాను. నేనే. రెండూ ఉన్నచోట ఏదో ఒకటి తీసుకో అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. తీసుకుంటే రేపు ఎవరో ఒకరు "అదెందుకు?" అంటారు. అడగమని రాస్తే నన్ను ఎవరూ ఏమీ అనలేరు. ఆ మెషీన్‌లో ఒక్క ఇంజనే ఉన్నన్నాళ్ళూ ఆ ప్రశ్న నిద్రపోయింది. న్యాయం జరగాలని నెల కిందట నేనే రెండోది కూడా అందులో పెట్టాను. నా మీద మాట పడకుండా ఉండడానికి వారానికి ఇరవై మందిని ఆస్పత్రి బెంచీల మీద కూర్చోబెట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

కీబోర్డు తెప్పించి ఒక అంకె నొక్కాను. పదకొండు నిమిషాల్లో బిల్డ్ అయిపోయింది. సాయంత్రానికి ఆస్పత్రి తెరకు చేరింది.

బుధవారం సెలవు పెట్టి అత్తగారితో నేనూ వెళ్ళాను. నూట తొమ్మిది. తొంభై తొమ్మిది పోయి తెర మీద మూడు అంకెలు పడగానే వెనక బెంచీలవాళ్ళంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. మూడు వారాలుగా వస్తున్న ముసలాయన ఒకడు, నూట ఒకటి, చొక్కా సర్దుకుని తలుపు వైపు నడిచాడు. కళ్ళు తుడుచుకుందామని రుమాలు కోసం జేబులో చెయ్యి పెడితే ఫోను మోగింది. ఆఫీసు నుంచి మెమో. ఇరు పక్షాలనూ సంప్రదించకుండా ఇంజన్‌ను ఏకపక్షంగా ఏ ప్రాతిపదికన ఎంచుకున్నారో మూడు రోజుల్లో వివరించవలెను.

అప్పుడే అత్తగారి నంబరు పడింది.

పెద్ద డాక్టరుగారు ఆవిడ ముక్కు మీద ఇనప చట్రం ఒకటి పెట్టి, ఒక్కొక్క అద్దం మారుస్తూ పోయారు. ఇది బాగుందా, ఇది బాగుందా? మొదట్లో అత్తగారు టకటకా చెప్పేశారు. ఇది, ఇది, కాదు అది. తర్వాత నెమ్మదించారు. రెండు అద్దాలు మూడుసార్లు మార్చి మార్చి చూపించాక, తప్పు చేసినవాళ్ళలా చేతులు నలుపుకున్నారు.

"రెండూ ఒకేలా ఉన్నాయి డాక్టరుగారూ. నాకేం తేడా తెలియడం లేదు."

"తేడా తెలియకపోతే పరీక్ష అయిపోయినట్టేనమ్మా" అని ఆయన చేతికి దొరికిన అద్దం నంబరు రాసేశారు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. అద్దాలు రాగానే మిషన్ తొక్కుకోవచ్చన్నారు.

అత్తగారు నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేదనిపించింది.

మెమోకు జవాబులో ప్రాతిపదిక అన్న గడి ఒకటుంది. డాక్టరుగారన్న మాట ఉన్నదున్నట్టు అందులో రాశాను. నిన్న సమన్వయంగారు పిలిపించారు. మాట చాలా బాగుందనీ, కాకపోతే అది పాత ఇంజన్‌కు అనుకూలమో కొత్త ఇంజన్‌కు అనుకూలమో తెలియడం లేదనీ అన్నారు. అది తేల్చడానికి కిటికీ వైపు నుంచి ముగ్గురితో, తలుపు వైపు నుంచి ముగ్గురితో కమిటీ వేశారు. నేను ఏ అంకె నొక్కానో చెబితే పని సులువవుతుందట.

నిజంగా గుర్తు లేదండీ. కమిటీవాళ్ళు నమ్మడం లేదు.